ఉత్తర చూసి ఎత్తర గంప... రెండో ముక్క ఏమిటి?

మెట్టసేద్యం: ఎల్‌నినో వార్త చూసినప్పుడల్లా ఈ సామెత నోట్లో నలుగుతుంది. ‘ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి ...ర కొంప’. ఆ ఖాళీలో ‘విడవర’నా, ‘వదలర’నా? తాత ఏమనేవాడో గుర్తు రావట్లేదు.

పెన్నొడ్డు: ‘విడవర’నే. విశాఖకు వి-వి యతి. ‘వదలర’ అంటే హల్లు కుదిరినా అచ్చు కుదరదు.

ప్రాసకోడి: సామెతను కూడా యతి అడుగుతారా మాష్టారూ! అసలు తగువు ‘ఎత్తర’ దగ్గరుంది. అది ‘ఎత్తరు’ అని నా అనుమానం. ఉత్తర దాకా చూడనిదే గంప ఎత్తరు, అని.

పెన్నొడ్డు: ‘ఎత్తరు’ అయితే పక్కన ‘విడవర’ ఏంచేస్తుంది? రెండూ ‘రా’కి కురచ రూపాలే. ఉత్తర కార్తె సెప్టెంబరు 13కి అటూఇటూ వస్తుంది, నైరుతి వెనక్కి మళ్లే వేళ. అప్పటికీ తడవకపోతే గంప నెత్తినెట్టుకుని కూలికి పో. కొంప మాత్రం నవంబరులో విశాఖ వచ్చేదాకా ఉంచు, ఈశాన్యం ఉందిగా. 2015 చూడండి. ఎల్‌నినో దెబ్బకు దేశంలో నైరుతి వాన 14 శాతం లోటు. అదే ఏడు విశాఖ కార్తెలో నెల్లూరు మునిగింది. పసిఫిక్ వేడెక్కితే నైరుతి నీరసించి ఈశాన్యం పుంజుకోవడం మాకు మామూలే.

కార్తెలపిచ్చి: మీ జిల్లాకి సరే. తెలంగాణలో ఈశాన్యం ఎక్కడ పడి ఏడ్చింది? మాకు ఉత్తరతోనే కథ అయిపోతుంది. ఎల్‌నినో అనగానే కరువనీ అనుకోకండి. పసిఫిక్ నడిమి నీళ్లు కాగితే మబ్బులు అక్కడ లేస్తాయి, మన మీదేమో గాలి కిందికి దిగుతుంది, వాన తగ్గుతుంది. నిజమే. కానీ 1997లో అంత పెద్ద ఎల్‌నినోకీ వాన సగటులో 102 శాతం! హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా వైపు నీళ్లు వేడిగా, సుమత్రా వైపు చల్లగా ఉన్నాయి. ఆ డైపోల్ మనల్ని ఆదుకుందంటారు. 2023లో ఆగస్టు, 1901 నుంచి లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు. సెప్టెంబరులో మళ్లీ సగటును మించి కురిసింది. మఖలో గంప ఎత్తినవాడు ఉత్తరలో దింపుకోవాల్సొచ్చింది.

ప్రాసకోడి: డైపోల్ ఊసే తెలియని శ్రీనాథుడు నీళ్లకు కటకటలాడి శివుణ్ణే నిలదీశాడు, గంగను ‘విడుము’ అని. ‘వదులు’ అన్నాడా? లేదు. మెట్టసేద్యం గారూ, మీ ఖాళీ నిండింది.

పెన్నొడ్డు: ఆ చాటువు ఆయనదేనని రాసిచ్చిందెవరు?

ప్రాసకోడి: ఆ వెటకారం ఇంకెవరికొస్తుందండీ! దేవుడికి ఇద్దరు పెళ్లాలెందుకని అడిగే గుండె ఇంకెవరికుంది?

మెట్టసేద్యం: సరే, ‘విడవర’. ఇంతకీ గంపలో ఉన్నది సామానా, విత్తనమా?

కార్తెలపిచ్చి: విత్తనమే. ముంగారు పోతే ఉత్తరలో ఉలవలు చల్లుకోమని.

పెన్నొడ్డు: ఉలవలు చల్లినవాడు విశాఖలో కొంపెందుకు విడుస్తాడండీ, కోసుకోకుండా?