ఇంట్లో యోగాతో పాటు దండీలు, బస్కీలు: ఏది ముందు, ఏది తర్వాత?

ఆమదాలవలస_కుర్రాడు:
ఈమధ్యే యోగా మొదలుపెట్టాను. పొద్దున్నే మేడ మీద అరగంట: సూర్యనమస్కారాలు, పశ్చిమోత్తానాసనం (కూర్చుని కాళ్లు చాపి ముందుకు వంగేది), చివర్లో ప్రాణాయామం. దీనికి దండీలు (పుషప్‌ల లాంటివి), బస్కీలు (కూర్చుని లేచేవి) కలపాలనుంది. సంక్రాంతికి సంగిడి రాళ్లు (సాముకు వాడే బరువు రాళ్లు) ఎత్తేవాళ్లను చూస్తే అదీ నేర్చుకోవాలనిపిస్తోంది. ఆసనాలు ముందా, దండీలు ముందా? దండీలు తీస్తే మణికట్లు నొప్పి, నడుం పట్టేస్తోంది. ఎన్ని తీయాలి, ఊపిరి ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి.

గరిడీ_వీధి, విజయనగరం:
తమ్ముడూ, బరువు పని మధ్యలో రావాలి. ముందు భుజాలు, మణికట్లు, తుంటి, చీలమండలు తిప్పి, సూర్యనమస్కారాలు నెమ్మదిగా నాలుగు చుట్లు వెయ్యి, ఒళ్లు వేడెక్కుతుంది. తర్వాత దండీలు, బస్కీలు. పశ్చిమోత్తానాసనంలా ఎక్కువసేపు ఉండేవి ఆ తర్వాతే. కండను బాగా సాగదీసి వెంటనే బరువు పెడితే కాసేపు దానికి పట్టు తగ్గుతుంది. ప్రాణాయామం, శవాసనం ఆయాసం పూర్తిగా తగ్గాకే.

నడుం ఎందుకు పడుతోందంటే, ఛాతీ పైకి లేపేటప్పుడు పొట్ట వదిలేస్తున్నావు. పర్వతాసనంలో (చేతులూ కాళ్లూ నేల మీద, నడుం పైకి) మొదలుపెట్టు. మోచేతులు పక్కలకు విప్పకుండా వంచి, ఛాతీని అరచేతుల మధ్యగా కిందికి జార్చి, ముందుకు పోయి పైకి లేపు. అప్పుడు పిరుదులు బిగించు, తొడలు నేలకు ఆననివ్వకు. ఛాతీ లేచినప్పుడు పీల్చు, నడుం లేచినప్పుడు వదులు.

ఐదేసి చొప్పున మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాలు ఆగు. వారానికి ఒక్కొక్కటి పెంచితే చాలు. రోజూ తీసినా పర్లేదు.

పాలకొండ_అక్క:
రోజూ వద్దు. కొత్తలో రోజు విడిచి రోజు, వారానికి మూడు సార్లే. మిగతా రోజులు యోగా ఒక్కటే. కండ కోలుకునేది ఆ ఖాళీ రోజుల్లోనే. కీళ్లకూ, కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకూ ఇంకా ఎక్కువ సమయం పడుతుంది.

మణికట్టు సంగతి: బరువంతా అరచేతి మడమ మీద పడుతోంది. వేళ్లు విప్పి, చూపుడువేలి మొదలు నేలకు గట్టిగా నొక్కండి. అప్పటికీ నొప్పి ఉంటే కదలని మంచం పట్టె మీద గానీ, మెట్టు మీద గానీ చేతులు పెట్టి తీయండి. చేతులు ఎత్తులో ఉంటే వాటి మీద బరువు తగ్గుతుంది. రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

బస్కీలు మునివేళ్ల మీద కాదు, మడమలు నేలకు ఆనించి మొదలెట్టండి. వెనకాల పీట వేసుకుని, దానికి తగిలేదాకా దిగి లేవండి. మోకాళ్లు లోపలికి వాలకూడదు, కాలి వేళ్లు చూస్తున్న వైపే పోవాలి. మన దగ్గర ఉక్కపోతకు చాప చెమటతో జారుతుంది, పైన దుప్పటి కాకుండా తడిపి పిండిన తువ్వాలు పరచండి.

గరిడీ_వీధి, విజయనగరం:
అక్క చెప్పినట్టే రోజు విడిచి రోజు చెయ్యి, కొత్తవాళ్లకు అదే మేలు.

సంగిడి_సాము:
ఒక లోటు ఎవరూ చెప్పలేదు. దండీలూ బస్కీలూ రెండూ తొయ్యడమే, లాగే పని లేదు. ఇవే తీస్తూపోతే వీపు వెనకబడి భుజాలు ముందుకు వంగుతాయి. సగం నీళ్ల బకెట్ తీసుకోండి, ఐదారు కిలోలుంటుంది. ఒక చెయ్యి మంచం మీద ఆనించి, వీపు బల్లలా ఉంచి, రెండో చేత్తో బకెట్‌ను తుంటిదాకా లాగి నెమ్మదిగా దించండి. చేతికి ఎనిమిది చొప్పున మూడు విడతలు. నీళ్లు తొణికితే ఊపుతో లాగుతున్నట్టు లెక్క.

సంగిడి రాయి మాత్రం ఇప్పుడే వద్దు. చెరో చేత్తో నిండు బకెట్ పట్టుకుని, ఒళ్లు వాలకుండా ఇరవై అడుగులు నడవగలిగాకే దాని మాట. అదీ చూసే మనిషి దగ్గరుండగా. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీకి చుట్టిన గొలుసులు ఊపిరి బిగించి తెంచేవారని విని కుర్రాళ్లు బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబడతారు. అలా చేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎత్తేటప్పుడు వదలండి, దించేటప్పుడు పీల్చండి. బీపీ, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా దిగొద్దు.

ఖాళీ కడుపుతో కళ్లు తిరిగితే అరగంట ముందు ఒక అరటిపండు. అయ్యాక చోడి (రాగి) అంబలి, గుడ్డో ఉడికించిన శనగలో తీసుకోండి.