39 వారాలకే ఇండక్షన్ (మందులతో నొప్పులు తెప్పించడం) అంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న, కొత్తగా వచ్చిన అమ్మాయి:

అక్కలందరికీ నమస్కారం. మేము ఈ దేశానికి వచ్చి ఐదు నెలలే అయింది. తొలి కాన్పు, నిన్నటితో 37 వారాలు నిండాయి. చెకప్‌లో డాక్టర్ "39 వారాలు నిండాక ఇండక్షన్ చేయించుకోవచ్చు, మీ ఇష్టం" అన్నారు. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ ఎదుగుదల కూడా బాగుందన్నారు. అన్నీ బాగుంటే మరి ఎందుకు? మందులతో నొప్పులు తెప్పిస్తే చివరికి ఆపరేషనే అవుతుందని అమ్మ ఫోన్‌లో భయపెడుతోంది. మా ఆయన డాక్టర్ చెప్పినట్టు వినమంటున్నారు. నాకు ఆ "మీ ఇష్టం" అన్న మాటే టెన్షన్‌గా ఉంది. ఈ గొడవంతా ఎందుకు, ముందే ఆపరేషన్ అడిగేస్తే పోలేదా అని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు, ఇద్దరు పిల్లల తల్లి:

చెల్లీ, నాకు రెండూ అయ్యాయి. పెద్దవాడికి 41 వారాలు దాటాక ఇండక్షన్. చిన్నది చివరిదాకా తల పైకే పెట్టుకుని కూర్చుంది కాబట్టి ముందే తేదీ పెట్టి సిజేరియన్. అందుకని ఒక పక్షం తీసుకుని చెప్పడం లేదు.

ముందు మీ అమ్మగారి భయం సంగతి. చాలాకాలం డాక్టర్లూ అదే అనుకున్నారు. పాత లెక్కల్లో ఇండక్షన్ చేయించుకున్నవాళ్ళను అదే వారంలో వాటంతట అవే నొప్పులు మొదలైనవాళ్ళతో పోల్చేవారు. కానీ ఇవాళ నీ ముందున్న రెండో దారి "ఇవాళే నొప్పులు రావడం" కాదు, వేచి ఉండడం. వేచి ఉన్నవాళ్ళలో కొందరికి బీపీ పెరుగుతుంది, కొందరికి 41 వారాలు దాటుతుంది, చివరికి వాళ్ళకీ ఇండక్షనో ఆపరేషనో తప్పదు. అరైవ్ అనే అధ్యయనం ఈ పోలికనే సరిచేసింది. అమెరికాలో చేశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. నీలాగే ఏ ఇబ్బందీ లేని తొలి కాన్పువాళ్ళు 6,106 మంది. 39వ వారంలో ఇండక్షన్ చేసిన గుంపులో సిజేరియన్లు 18.6 శాతం, వేచి ఉన్న గుంపులో 22.2 శాతం. గర్భంతో వచ్చే బీపీ సమస్యలు మొదటి గుంపులో 9.1 శాతం, రెండో గుంపులో 14.1. బిడ్డల ఆరోగ్యంలో మాత్రం గట్టిగా చెప్పదగ్గ తేడా కనిపించలేదు. మీ డాక్టర్ అన్నీ బాగున్నా ఆ మాట ఎత్తడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది.

అలాగని అందరూ చేయించుకోవాలని కాదు. ఆ అధ్యయనానికి అర్హత ఉన్నవాళ్ళలో ఎక్కువమంది చేరడానికే ఒప్పుకోలేదు. నొప్పులు వాటంతట అవి రావాలని కోరుకోవడం తప్పేమీ కాదు. నీకు బీపీ, షుగర్ లేవు కాబట్టి "41 దాకా చూద్దాం, ఈలోగా చెకప్‌లకు వస్తాను" అనడం కూడా సరైన జవాబే. 41 వారాలు నిండితే ఇండక్షన్ చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. ఆ తర్వాత నేనైతే సాగదీయను.

నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న "నా బిషప్ స్కోర్ ఎంత?" 1964 నుంచీ వాడుతున్న లెక్క ఇది. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, మెత్తగా ఉందా, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది, ఈ ఐదింటికీ మార్కులు వేస్తారు. 8 దాటితే నొప్పులు వాటంతట అవి మొదలైనట్టే సాగే అవకాశం బాగా ఉంటుంది. 6 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ముందు ముఖద్వారాన్ని మెత్తబరచాలి. దానికి మాత్ర, జెల్, లేదంటే చిన్న బెలూన్. తర్వాత ఉమ్మనీటి సంచి తెరవడం, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ మందు డ్రిప్.

ఇక నాకు ఎవరూ చెప్పని సంగతి: ఎంతసేపు పడుతుందో. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి బిడ్డతో ఉంటామనుకుని, ఫోన్ ఛార్జర్ కూడా లేకుండా వెళ్ళాం. బెలూన్‌తో ఒక రాత్రి, డ్రిప్‌తో మర్నాడంతా గడిచి, రెండో రాత్రి తెల్లవారుజామున పుట్టాడు. మధ్యలో నేనే ఏడుస్తూ ఆపరేషన్ చేసెయ్యమన్నాను. ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకుని అక్కడే గంటలకొద్దీ ఆగిపోవడం నా చేతకానితనం అనుకున్నాను. అసలు వేగం 6 సెంటీమీటర్ల తర్వాతే అందుకుంటుందని అప్పుడు తెలియదు. తల్లీబిడ్డా బాగున్నంతవరకూ, ఉమ్మనీరు పోయాక కనీసం 12 నుంచి 18 గంటలు డ్రిప్ నడవకుండా ఇండక్షన్ విఫలమైందని తేల్చకూడదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం సూచన. మీ ఆసుపత్రిలో ఎంతసేపు ఓపిక పడతారో ముందే అడుగు. ఇండక్షన్ సిజేరియన్‌గా మారడంలో ఈ ఓపికకు పెద్ద పాత్ర ఉంది.

ముందే ఆపరేషన్ అడగడం గురించి. నా రెండో కాన్పు ప్రశాంతంగా జరిగింది, అబద్ధమెందుకు. వెన్నులో మత్తు ఇచ్చారు, మెలకువగానే ఉన్నాను, అడిగితే బిడ్డను ఛాతీ మీద పెట్టారు. కానీ నవ్వినా దగ్గినా కుట్లు పట్టేసేవి, పెద్దవాణ్ణి ఎత్తుకోలేకపోయాను. ఇంకో పిల్లో పిల్లాడో కావాలనుకుంటే ఇది మరీ ఆలోచించు. ప్రతి సిజేరియన్‌తోనూ తర్వాతి గర్భంలో మాయ పాత గాటు మీద కిందికి అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది. కారణం లేని ఆపరేషన్‌ను 39 వారాల లోపు పెట్టరు, బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వస్తాయని. భయమే కారణమైతే ఆ భయం గురించే డాక్టర్‌తో మాట్లాడు. చాలాసార్లు అది నొప్పి భయం, దానికి ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర ఇచ్చే నొప్పి తగ్గించే మందు) ఉంది.

ఇంకొకటి. ఐదు నెలల క్రితం వచ్చానన్నావు, అంటే నాలుగో నెలలో వచ్చావు. మూడు నెలల లోపు తీసిన మొదటి స్కాన్ అక్కడే అయి ఉండాలి. ఆ కాగితం ఇక్కడ చూపించావా? తేదీ కట్టడానికి అన్నిటికంటే నమ్మదగింది అదే. 39 అని ఏ తేదీ నుంచి లెక్కపెడుతున్నారో కనుక్కో.

జవాబు, ప్రసూతి వార్డులో నర్సు:

అక్క చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. "మీ ఇష్టం" అన్నది అన్నీ బాగున్నప్పుడే. బీపీ పెరిగి మూత్రంలో ప్రోటీన్ కనిపించినా, నొప్పులు రాకుండా ఉమ్మనీరు పోయినా, బిడ్డ ఎదుగుదల ఆగినా అది వేరే సంభాషణ, అప్పుడు వాయిదాలు వద్దు. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేయండి. మనవాళ్ళు పొద్దున దాకా ఆగి వస్తారు, ఆసుపత్రివాళ్ళను ఇబ్బంది పెట్టడం ఎందుకని. దయచేసి ఇబ్బంది పెట్టండి.

పద్ధతుల్లో తేడా కూడా తెలుసుకోండి. నొప్పులు మరీ దగ్గరదగ్గరగా వచ్చి బిడ్డ గుండె వేగం తగ్గితే డ్రిప్ ఆపేస్తాం, కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం తగ్గడం మొదలవుతుంది. లోపల పెట్టే, తాడు ఉన్న మందు పట్టీ అయితే లాగేస్తాం. మింగిన మాత్రను మాత్రం వెనక్కి తీయలేం. ఒక్కో మెట్టు దగ్గరా "ఇది ఎందుకు, ఇంకో గంట ఆగితే ఏమవుతుంది" అని అడగడం మీ హక్కు. భాష అడ్డమైతే దుభాషి కావాలని ముందే ఫైల్లో రాయించండి. భర్తగారు ఉన్నారుగా అనుకోవద్దు, ఆ సమయానికి ఆయనకీ మాట రాదు.

జవాబు, మొదటి కాన్పు సిజేరియన్ అయిన తల్లి:

ఈ అమ్మాయికి కాదు గానీ, చదివే మిగతావాళ్ళకు. అక్కడ సిజేరియన్ అయి ఇక్కడికి వచ్చినవాళ్ళు ఆపరేషన్ నోట్స్ తెప్పించుకోండి. బయటి గాటు అడ్డంగా ఉంది కదా అంటే సరిపోదు, లోపల గర్భసంచి మీద గాటు ఎటు పెట్టారన్నదే ముఖ్యం. అది కింది భాగంలో అడ్డంగా ఉంటే మామూలు కాన్పుకు ప్రయత్నించినవాళ్ళలో 60 నుంచి 80 శాతం మందికి సాధ్యపడుతుంది. పాత గాటు విడిపోయే ప్రమాదం నూటికి ఒకటి లోపే, కానీ వస్తే చిన్నది కాదు. పాత గాటు ఉన్నవాళ్ళకు నెలలు నిండాక నొప్పులు తెప్పించడానికి మిసోప్రోస్టాల్ మాత్ర వాడకూడదు. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతే మీరే గుర్తు చేయండి. నా నోట్స్ దొరకడానికి ఆరు వారాలు పట్టింది, కాబట్టి ఇవాళే అడగండి.

మళ్ళీ కొత్తగా వచ్చిన అమ్మాయి, ఐదు రోజుల తర్వాత:

అక్కా, స్కాన్ కాగితం ఫైల్లో లేదు. అమ్మ ఫోన్‌లో ఫొటో దొరికింది. పదో వారంలో తీసింది. దాని ప్రకారం నేను చెప్పిన నెలసరి తేదీ కంటే తొమ్మిది రోజులు తక్కువ! నాకు నెలసరి ఎప్పుడూ ఆలస్యమే, ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇక్కడ ఐదో నెలలో తీసిన స్కాన్‌లోనూ తేడా కనిపించిందట, అయితే ఆ సమయానికి పది రోజుల వరకూ తేడాను పట్టించుకోరట. ఇవాళ డాక్టర్ ఫొటో చూసి తేదీ మార్చారు. కాబట్టి నాకు 38 నిండబోవడం లేదు, 36 వారాల 4 రోజులు. పాత లెక్కన 39కి ఒప్పుకుని ఉంటే నిజానికి 37 వారాల 5 రోజులకే మొదలుపెట్టేవాళ్ళు.

ఇండక్షన్ వద్దనలేదు. కొత్త లెక్కతో 39 వచ్చాక బిషప్ స్కోర్ చూసి చెబుతానన్నాను. "సరే, తొందరేం లేదు" అన్నారు. ఛార్జర్ మాత్రం ఇప్పుడే సంచిలో పెట్టాను.