ద్రవ్యోల్బణంలో వర్గాల వాటా: కూడిక సరిపోవడం లేదు

ప్రశ్న: వినియోగదారుల ధరల సూచీని ఎక్సెల్‌లో వర్గాలుగా విడదీస్తున్నా. ఒక్కో వర్గం ద్రవ్యోల్బణ రేటును దాని వెయిటుతో (సూచీలో ఆ వర్గానికిచ్చిన శాతం) గుణించి కూడితే మొత్తం రేటు రావట్లేదు. తప్పెక్కడ?

జవాబు: రేటును గుణించకూడదన్నా. వర్గం ఇప్పటి సూచీలోంచి ఏడాది కిందటిది తీసేయండి, వెయిటుతో గుణించండి, ఏడాది కిందటి మొత్తం సూచీతో భాగించండి. ఆధార సంవత్సరం (సూచీని 100గా తీసుకున్న ఏడాది, 2012 శ్రేణిలో 2012) తర్వాత మిగతావాటికంటే ఎక్కువ పెరిగిన వర్గానికి మీ పద్ధతిలో వాటా తగ్గిపోతుంది. అదే తేడా.

ఇంకో జవాబు: వెయిట్లూ చూసుకోండి. 2012 శ్రేణిలో కూరగాయలకు గ్రామాల్లో 7.46, పట్టణాల్లో 4.41, కలిపితే 6.04. ఆ శ్రేణి గ్రామీణ సూచీలో ఇంటి అద్దె వర్గమే ఉండేది కాదు.

ప్రశ్న: సరిపోయింది! కర్నూలు ఉల్లిని విడిగా చూడొచ్చా?

జవాబు: జిల్లా సూచీ రాదు, రాష్ట్రం దగ్గరే ఆగుతుంది. మార్కెట్ యార్డులో క్వింటా ధర (టోకు ధర) మాత్రం సూచీ లెక్కలో కలపొద్దు. సూచీకి తీసుకునేది చిల్లర ధర.