షుగరు అదుపులోనే ఉంది, కానీ అమ్మ చిక్కిపోతోంది

ప్రశ్న (బుచ్చిరెడ్డిపాళెం నుంచి):
మా అమ్మకు 68 ఏళ్లు. షుగరు వచ్చి చాలా కాలమైంది. మాత్రలు తప్పకుండా వేసుకుంటుంది. ఫోన్లో వచ్చే ఆరోగ్యం వీడియోలన్నీ చూస్తుంది. తీపి మానేసింది, ఉప్పు తగ్గించింది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం గరిటెడు అన్నం, చారు, రాత్రికి ఒక పుల్కా, అంతే. వయసు మళ్లాక నీసు అరగదని గుడ్డు, చేప ముట్టడం లేదు. చేపల పులుసు పెట్టిందంటే పక్కింటిదాకా ఘుమఘుమలే. ఇప్పుడు మాకు వడ్డించి తను మజ్జిగన్నం తిని లేస్తుంది.

మొన్నటి రిపోర్టులో షుగరు బాగానే ఉంది. కానీ జాకెట్లన్నీ వదులైపోయాయి. కింద కూర్చుంటే తలుపు రెక్క పట్టుకోకుండా లేవలేదు. పొద్దున మంచం దిగగానే తల తిరుగుతోందట. అడిగితే "ఈ వయసులో ఇంతేలేమ్మా" అంటుంది. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు చెప్పండి.

జవాబు (రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒంగోలు):
అమ్మాయ్, మీ అమ్మగారికి ఏం మానాలో బాగా తెలుసు. ఏం తినాలో, ఒంటికి ఏం పని చెప్పాలో ఎవరూ చెప్పినట్టు లేదు. నాకు 73. మా వయసువాళ్లలో ఎక్కువమంది ఇలాగే ఉన్నారు. చూస్తే బాధేస్తుంది.

వయసుతోపాటు కండ తరుగుతుంది. తిండి తగ్గించి, కదలకుండా కూర్చుంటే ఇంకా త్వరగా తరుగుతుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల మనిషికి 45 గ్రాముల పైమాటే. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలో 18 దాకా ఉంటాయి. జావ, చారుతో ఆ లెక్క ఎక్కడ తేలుతుంది? కిడ్నీలు బాగున్నాయో లేదో క్రియాటినిన్ పరీక్షలో చూపించుకుని, ఆమె పులుసు ఆమెనే తిననివ్వండి. ఎండుచేపలు మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ.

నడక మంచిదే, కానీ అదొక్కటే చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకు కూడా వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి శ్రమ, రెండు రోజులు కండబలం పెంచే కసరత్తు, మూడు రోజులు పడిపోకుండా నిలదొక్కుకునే కసరత్తు చెప్పింది. ముందు తల తిరగడం డాక్టరుకు చూపించండి, ఆయన సరేనన్నాక మొదలుపెట్టండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. పాదాలు నేలకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని నిదానంగా లేవాలి, మళ్లీ నిదానంగా కూర్చోవాలి. ధబీమని కూలబడకూడదు. లేవలేకపోతే కింద దిండు వేసి ఎత్తు పెంచండి. మీరు పక్కనే ఉండండి. తర్వాత వంటగట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడటం. పప్పు ఉడికేలోపు అయిపోతుంది.

జవాబు (కనిగిరి దగ్గర నుంచి):
అక్కా, మీకు వర్తించకపోవచ్చు గానీ మా వైపు వాళ్ల కోసం రాస్తున్నా. మా మామయ్య నడుం, మోకాళ్లు బిగుసుకుపోతే అందరం వయసే అనుకున్నాం. మాది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం, ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే కీళ్లు ఇలాగే బిగుసుకుపోతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లు పరీక్ష చేయించుకోండి.

జవాబు (స్టాఫ్ నర్సు, నెల్లూరు):
తల తిరగడాన్ని వదిలేయొద్దండీ. బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమని అడగండి. కొందరికి లేవగానే బీపీ పడిపోతుంది, తూలి కిందపడి తుంటి ఎముక విరిగేది ఇలాంటప్పుడే. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది, అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయేమో కనుక్కోండి. కావాలని తగ్గకుండానే బరువు తగ్గుతుంటే అదీ డాక్టరుకు చెప్పాల్సిందే. మాత్రల్లో గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర కూడా ఉందా?

ప్రశ్న అడిగినవారు:
ఉందండీ, ఇప్పుడే చీటీ చూశాను. పొద్దున ఒకటి.

స్టాఫ్ నర్సు:
అయితే తిండి ఇంత తగ్గించాక ఆ మోతాదు ఎక్కువైపోయి షుగరు పడిపోవచ్చు. ఈసారి తల తిరిగినా, చెమటలు పట్టినా వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు, నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. మాత్ర మీ అంతట మీరు మాన్పించకండి. చీటీ, ఆమె రోజూ ఏం తింటోందో రాసిన కాగితం రెండూ పట్టుకుని రేపే డాక్టరును కలవండి.