లయన్స్ 2023 డ్రాఫ్ట్: మొదటి నాలుగు పిక్‌లు సరే, మరి బెంచ్ సంగతి? (2025 సీజన్ మొదట్లో అభిమానుల వేదికలో జరిగిన చర్చ)

వెండినీలం (నోవై, మిషిగన్):

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డెట్రాయిట్ లయన్స్ 2023 డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం; ఒక్కో వంతు ఒక పిక్) గురించి రెండేళ్లుగా మనవాళ్లలో ఒకే వాదన నడుస్తోంది: 12వ పిక్‌తో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) జమీర్ గిబ్స్‌ను, 18వ పిక్‌తో లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ లైన్ వెనుక నిలబడేవాడు) జాక్ క్యాంప్‌బెల్‌ను తీసుకోవడం సబబేనా అని. ఆ రెండు స్థానాల ఆటగాళ్లు తక్కువ జీతానికే బయట దొరుకుతారు కాబట్టి వారి మీద మొదటి రౌండ్ పిక్‌లు ఖర్చు చేయకూడదంటూ అప్పట్లో చాలామంది విశ్లేషకులు జనరల్ మేనేజర్ బ్రాడ్ హోమ్స్‌ను తప్పుపట్టారు. నా దృష్టిలో ఆ వాదనకు కాలం చెల్లింది. గిబ్స్ 2024లో 1,412 గజాలు పరుగెత్తి, మొత్తం 20 టచ్‌డౌన్‌లు చేశాడు. 34వ పిక్‌గా వచ్చిన శామ్ లపోర్టా మొదటి సీజన్‌లోనే 86 క్యాచ్‌లు పట్టి, టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాడు) స్థానంలో కొత్త ఆటగాడి పేరిట 1988 నుంచి ఉన్న రికార్డును దాటేశాడు. 45వ పిక్ బ్రయన్ బ్రాంచ్ గురించి ఈ వేదికలో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు.

నేను చర్చకు పెడుతున్నది అదే డ్రాఫ్ట్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం. 68వ పిక్‌తో, మోకాలి లిగమెంట్ తెగి ఇంకా కోలుకుంటున్న 25 ఏళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపేవాడు) హెండన్ హుకర్‌ను తీసుకున్నారు. కింది రౌండ్ల పిక్‌లు కొన్ని ఇచ్చి మరీ 96వ స్థానానికి ఎగబాకి డిఫెన్సివ్ టాకిల్ (డిఫెన్స్ లైన్ మధ్యలో ఆడేవాడు) బ్రోడ్రిక్ మార్టిన్‌ను తీసుకున్నారు. 2025 ఆగస్టు చివర 53 మంది జాబితా ఖరారు చేసినప్పుడు ఆ ఇద్దరినీ వదిలేశారు. అంటే మూడో రౌండ్ పిక్‌లు రెండు ఖర్చయ్యాయి, రెండు సీజన్లు గడిచాయి, జట్టుకు ఒక్క స్టార్టర్ కాదు కదా, నమ్మకంగా దింపగలిగే రెండో వరుస ఆటగాడు కూడా మిగల్లేదు. స్టార్లను పట్టడంలో హోమ్స్ దిట్ట అన్నది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ బెంచ్ బలాన్ని కూర్చవలసిన పిక్‌లను ఆయన పందెం కాసే సొమ్ములాగా వాడుతున్నారని, 2024 సీజన్ ప్లేఆఫ్ (నాకౌట్) ఓటమితో ముగియడానికి అది ఒక ముఖ్య కారణమని నా వాదన.

అర్ధరాత్రి ప్రేక్షకుడు (హైదరాబాద్):

వెండినీలం గారూ, మీ లెక్కలతో నాకు తగాదా లేదు, వాటి నుంచి మీరు తీసిన ముగింపుతోనే ఉంది. ఇక్కడ మ్యాచ్ మొదలయ్యేసరికి రాత్రి పదిన్నర, శీతాకాలంలో పదకొండున్నర అవుతుంది. ఆ వేళకు మేల్కొని 2024 సీజన్‌ను చివరిదాకా చూసిన మనిషిగా చెబుతున్నాను: ఆ జట్టుకు తగిలినన్ని దెబ్బలు తట్టుకునే బెంచ్ లీగ్‌లోని 32 జట్లలో ఏ ఒక్కదానికీ లేదు. అక్టోబర్ 13న డాలస్‌లో 47-9తో గెలుస్తున్న మ్యాచ్‌లో డిఫెన్స్ లైన్‌కు ఆయువుపట్టైన ఏడన్ హచిన్సన్ కాలు విరిగింది. లైన్‌బ్యాకర్లలో డెరిక్ బార్న్స్ మోకాలు సెప్టెంబర్‌లోనే పోయింది, నవంబర్‌లో అలెక్స్ ఆంజలోన్ ముంజేయి విరిగింది, థాంక్స్‌గివింగ్ రోజున మాల్కమ్ రోడ్రిగెజ్ కూడా మోకాలు పోగొట్టుకున్నాడు. డిసెంబర్ 15న బిల్స్‌తో ఆడిన ఒక్క మ్యాచ్‌లోనే అలీమ్ మెక్‌నీల్, కార్ల్‌టన్ డేవిస్, ఖలీల్ డోర్సీ ముగ్గురూ సీజన్‌కు దూరమయ్యారు. ఇంత జరిగినా ఆ జట్టు 15 మ్యాచ్‌లు గెలిచి లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన ఎన్‌ఎఫ్‌సీలో మొదటి స్థానం సంపాదించింది. బెంచ్ లేని జట్టు 15 మ్యాచ్‌లు ఎలా గెలుస్తుందో మీరే చెప్పాలి.

ఇంకొక మాట. గిబ్స్, క్యాంప్‌బెల్ పిక్‌లను మీరు స్టార్ల ఖాతాలో వేశారు గానీ, అసలు బెంచ్ బలానికి వాళ్లే సాక్ష్యం. డేవిడ్ మాంట్‌గోమరీ మోకాలి గాయంతో బయట ఉండగా, మొదటి స్థానం ఎవరిదో తేల్చే చివరి లీగ్ మ్యాచ్‌లో వైకింగ్స్ మీద గిబ్స్ ఒక్కడే బరువంతా మోసి నాలుగు టచ్‌డౌన్‌లు చేశాడు. పక్కనున్న లైన్‌బ్యాకర్లు ఒక్కొక్కరే కూలుతుంటే క్యాంప్‌బెల్ 17 మ్యాచ్‌లూ ఆడాడు. ఒకరు పడితే ఇంకొకరు నిలబడడమే బెంచ్ బలమైతే, ఆ 12, 18 పిక్‌లు దాన్ని ఇచ్చాయి.

ఫిల్లీ పక్షం (న్యూజెర్సీ):

నేను ఈగిల్స్ అభిమానిని కాబట్టి బయటివాడి మాటగానే తీసుకోండి. మీ ఇద్దరూ మూడో రౌండ్ గురించి, గాయాల గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం అసలు నష్టం అంతకుముందే, 6వ పిక్ దగ్గర జరిగిందనిపిస్తుంది. క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను రామ్స్‌కు ఇచ్చినందుకు దక్కిన ఫలం ఆ పిక్. దాన్ని 81వ పిక్‌తో కలిపి అరిజోనాకు ఇచ్చి, బదులుగా 12, 34, 168 తీసుకున్నారు. 6వ పిక్ సమయానికి డిఫెన్సివ్ టాకిల్ జేలెన్ కార్టర్ ఇంకా మిగిలే ఉన్నాడు. మా జట్టు 9వ పిక్‌తో అతన్ని తీసుకుంది.

2025 ఫిబ్రవరి 9న లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. మా డిఫెన్స్ ఒక్కసారి కూడా బ్లిట్జ్ చేయకుండా, అంటే నలుగురు లైన్‌మెన్‌తోనే, ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టి (అదే శాక్) 40-22తో గెలిచింది. ఆ ఆరింటిలో కార్టర్‌ది ఒక్కటి కూడా లేదు. రెండున్నర జాష్ స్వెట్‌వి, రెండు మిల్టన్ విలియమ్స్‌వి, మిగిలినవి జోర్డన్ డేవిస్, జేలిక్స్ హంట్ పంచుకున్నారు. ప్రత్యర్థి లైన్ దృష్టంతా కార్టర్ మీద ఉంటే పక్కవాళ్లకు దారి దొరుకుతుంది. లైన్‌లో అలాంటివాడు ఒకడుంటే రెండో వరుస వాళ్ల విలువ దానంతటదే పెరుగుతుంది. లయన్స్‌కు హచిన్సన్ అలాంటివాడు, నిజమే. కానీ అతనొక్కడే. అతను ఆడింది ఐదే మ్యాచ్‌లు, తీసింది ఏడున్నర శాక్‌లు. సీజన్ ముగిసేసరికి కూడా జట్టులో అందరికంటే ఎక్కువ శాక్‌లు అతనివే అంటే మిగిలిన లైన్ పరిస్థితి వేరే చెప్పాలా?

వెండినీలం (నోవై, మిషిగన్):

ఫిల్లీ పక్షం గారూ, మీరు చెప్పిన చివరి వాక్యమే నా వాదనకు ప్రాణం. అయితే దానికి మందు కార్టర్ అని నేననుకోను. ఆ ఒప్పందంలో వచ్చిన 34వ పిక్కే లపోర్టా. అంతకు కొన్ని నెలల ముందు టీజే హాకిన్సన్‌ను వైకింగ్స్‌కు ఇచ్చేశాక టైట్ ఎండ్ స్థానం ఖాళీగా ఉండిపోయింది. గిబ్స్, లపోర్టా ఇద్దరినీ ఒక తక్కెడలో, కార్టర్‌ను ఇంకొక తక్కెడలో పెడితే నేను ఇప్పటికీ ఇద్దరినే కోరుకుంటాను. మీ సూపర్ బౌల్ ఉదాహరణలో నన్ను ఆలోచింపజేసింది కార్టర్ కాదు, మిల్టన్ విలియమ్స్. 2021లో మూడో రౌండ్‌లో, 73వ పిక్‌గా వచ్చినవాడు. హంట్ కూడా 2024 మూడో రౌండ్ ఆటగాడే. మీ వాళ్లు ఆ రౌండ్‌లో లైన్‌మెన్‌ను తీసుకుని, ఓపికగా తయారు చేసి, అవసరమైన రాత్రి దింపారు. విలియమ్స్‌కు సరిగ్గా ఒక పిక్ ముందు, 72తో, మేము తీసుకున్నవాడు మెక్‌నీల్. అంటే ఆ పని హోమ్స్‌కు చేతకాదని కాదు. 2021లో చేసి చూపించిన పనినే ఆ తర్వాత వదిలేశారని నా బాధ.

అర్ధరాత్రి ప్రేక్షకుడు గారు 15 విజయాల గురించి అడిగారు. ఆ 15లో చాలావాటిని అఫెన్స్ గెలిపించింది. బిల్స్ మ్యాచ్‌లో 42 పాయింట్లు చేసి కూడా ఓడిపోయాం, 48 ఇచ్చుకున్నాం. ఇక 2025 జనవరి 18 రాత్రి ఫోర్డ్ ఫీల్డ్‌లో కమాండర్స్‌తో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. కార్ల్‌టన్ డేవిస్ అప్పటికే లేడు. అతని బదులు ఆడుతున్న కార్నర్‌బ్యాక్ అమీక్ రాబర్ట్‌సన్ చేయి మ్యాచ్ మొదట్లోనే విరిగింది. మూడో మనిషి కావాలి. 2024లో 61వ పిక్‌తో తెచ్చిన ఎనిస్ రేక్‌స్ట్రా గాయాల జాబితాలో ఉన్నాడు. ఎదురుగా ఉన్నది జేడెన్ డేనియల్స్ అనే కొత్త కుర్రవాడు, అయినా అతనికి కంగారు పుట్టించే మనిషి మా లైన్‌లో లేడు. కమాండర్స్ 481 గజాలు సాధించి 45-31తో గెలిచారు. మన వైపు ఐదుసార్లు బంతి పోగొట్టుకున్నారన్నది కూడా నిజమే, దాన్ని బెంచ్ మీదకు నెట్టను. కానీ డిఫెన్స్ ఆ ఐదింటిలో ఒక్కదాన్నైనా కాపాడే స్థితిలో లేకపోవడం బెంచ్ సంగతే.

అదే మ్యాచ్‌లో ఇంకొక దృశ్యం. క్వాన్ మార్టిన్ అనే కమాండర్స్ ఆటగాడు బంతిని అడ్డగించి టచ్‌డౌన్ చేసిన ఆ ఆటలో మా క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ తలకు దెబ్బ తగిలి, పరీక్షల కోసం పక్కకు వెళ్లాడు. అప్పుడు మైదానంలోకి దిగింది రెండేళ్లుగా పెంచిన హుకర్ కాదు. హైస్కూల్ పిల్లలకు కోచ్‌గా ఉండి, డిసెంబర్‌లో వచ్చి చేరిన టెడీ బ్రిడ్జ్‌వాటర్. ఆ కొద్దిసేపట్లోనే జేమిసన్ విలియమ్స్ 61 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు కాబట్టి ఎవరూ ప్రశ్నించలేదు. 68వ పిక్ మీద తీర్పు ఆ నిమిషంలోనే వచ్చేసిందని నేననుకుంటాను. ఆగస్టులో జరిగింది కాగితం మీద సంతకం మాత్రమే.

క్యాప్ లెక్కలు (ఆస్టిన్):

ఇక్కడ డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. 2024లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 255.4 మిలియన్ డాలర్లు. ఆ ఒక్క సంవత్సరంలో లయన్స్ గాఫ్‌కు నాలుగేళ్లకు 212 మిలియన్లు, పెనే స్యూయెల్‌కు 112 మిలియన్లు, ఆమన్-రా సెయింట్ బ్రౌన్‌కు 120 మిలియన్లు, అక్టోబర్‌లో మెక్‌నీల్‌కు 97 మిలియన్ల చొప్పున ఒప్పందాలు రాసింది. వీరందరూ ఆ డబ్బుకు అర్హులే. ఆ తర్వాత హచిన్సన్ ఒప్పందం, ఆపైన 2023 డ్రాఫ్ట్ వాళ్ల వంతు. ఇలా పై వరుసకు పెద్ద జీతాలు ఇచ్చే జట్టుకు కింది వరుసలో నాలుగేళ్ల రూకీ (కొత్త ఆటగాడి) ఒప్పందం మీద చవకగా ఆడే మనుషులు ఉండి తీరాలి. వాళ్లు దొరికేది మూడో రౌండ్ నుంచి ఐదో రౌండ్ వరకు. అక్కడ మనిషి దొరక్కపోతే మార్కస్ డావెన్‌పోర్ట్ లాంటి వాళ్లతో ఏడాది ఒప్పందాలు చేసుకోవాలి. 2023లో వైకింగ్స్ తరఫున నాలుగే మ్యాచ్‌లు ఆడినవాడు, 2024లో లయన్స్‌కు రెండే ఆడాడు. హచిన్సన్‌కు జోడీగా నమ్ముకున్న మనిషి అతను.

వెండినీలం గారు చెప్పని విషయాలు ఇంకా ఉన్నాయి. 2024లో గియోవానీ మనూ అనే కెనడా విశ్వవిద్యాలయపు ఆటగాడిని 126వ పిక్‌తో తీసుకోవడానికి 2025 మూడో రౌండ్ పిక్‌ను జెట్స్‌కు ఇచ్చారు. 2025లో రిసీవర్ ఐజాక్ టెస్లా కోసం 102వ పిక్‌తో పాటు 2026 మూడో రౌండ్ పిక్‌లు రెండూ జాగ్వార్స్‌కు ఇచ్చారు. టెస్లా గొప్పగా ఆడవచ్చు. అయినా మూడో రౌండ్ పిక్‌లు ఇలా వరుసగా చెల్లిపోతుంటే 2027 నాటికి రెండో వరుసలో ఎవరు నిలబడతారు?

అర్ధరాత్రి ప్రేక్షకుడు (హైదరాబాద్):

క్యాప్ లెక్కలు గారూ, మీ పట్టికలో మూడు పేర్లు చేర్చండి. కెర్బీ జోసెఫ్ 97వ పిక్, 2024లో తొమ్మిది ఇంటర్సెప్షన్లతో (ప్రత్యర్థి విసిరిన బంతిని పట్టేయడం) లీగ్ మొత్తంలో మొదటివాడు. సెయింట్ బ్రౌన్ 112వ పిక్. క్రిస్టియన్ మహోగనీ 210వ పిక్, మామూలుగా అయితే జట్టులో చోటే దొరకని రౌండ్. ఇష్టపడిన ఆటగాడి కోసం ఎంతైనా ఇవ్వడమే హోమ్స్ పద్ధతి. ఆ పద్ధతే గిబ్స్‌ను తెచ్చింది, ఆ పద్ధతే మార్టిన్‌ను కూడా తెచ్చింది. ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేయడం కుదరదని నా అభిప్రాయం. ఆయన పిరికిగా, సగటు అంచనాలను బట్టి డ్రాఫ్ట్ చేసి ఉంటే 1993 తర్వాత మొదటి డివిజన్ టైటిల్ 2023లో వచ్చేదా? ముప్పై ఏళ్లు ఎదురుచూసిన ఊరికి ఆ ధైర్యమే దక్కించింది.

వెండినీలం (నోవై, మిషిగన్):

ధైర్యం మీద నాకు ఫిర్యాదు లేదండీ. 2023 జట్టు ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్లో 24-7 ఆధిక్యంతో విరామానికి వెళ్లిన సాయంత్రం మా వీధిలో ఆట నియమాలు తెలియని పెద్దవాళ్లు కూడా టీవీ ముందు కూర్చున్నారు. అది 34-31తో చేజారింది, అయినా ఆ జట్టును కట్టినవాడి మీద నాకున్న గౌరవం తగ్గలేదు. కానీ జోసెఫ్, సెయింట్ బ్రౌన్‌ల కోసం హోమ్స్ ఏమీ అదనంగా చెల్లించలేదు. తన వంతు వచ్చేదాకా ఆగి, మిగిలిన వాళ్లలో మంచివాణ్ని ఏరుకున్నారు. ఎగబాకి తెచ్చినవాడు మార్టిన్, భవిష్యత్తు పిక్ ఇచ్చి తెచ్చినవాడు మనూ. ఆగినప్పుడు ఫలించింది, ఆత్రపడినప్పుడు ఫలించలేదు. బ్రాంచ్ కోసం కొన్ని స్థానాలు ఎగబాకారు, అది మినహాయింపు. రెండో రౌండ్ మధ్యలో మొదటి రౌండ్ స్థాయి ఆటగాడు జారిపోతుంటే ఎవరైనా ఎగబాకాలి.

కాబట్టి 2025 సీజన్‌లో నేను గిబ్స్ గజాలు లెక్కపెట్టబోవడం లేదు. 2025 డ్రాఫ్ట్‌లో 28వ పిక్‌తో టైలీక్ విలియమ్స్‌ను తీసుకుని లైన్ లోపలి భాగానికి మనిషిని తెచ్చారు, మంచిదే. లైన్ చివర నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకు దూకే ఎడ్జ్ స్థానానికి మాత్రం ఆరో రౌండ్ దాకా, 196వ పిక్ అహ్మద్ హస్సనైన్ దాకా ఎవరినీ తీసుకోలేదు, పైగా డావెన్‌పోర్ట్‌తోనే మళ్లీ ఏడాది ఒప్పందం చేసుకున్నారు. సెంటర్ స్థానంలో ఆడే ఫ్రాంక్ రాగ్నో 2025 జూన్‌లో ఆట వదిలేశాక అఫెన్సివ్ లైన్‌లోనూ ఇప్పుడు అదే ప్రశ్న లేస్తోంది. నవంబర్‌లో, నాలుగో క్వార్టర్‌లో, హచిన్సన్ ఊపిరి తీసుకోవడానికి పక్కకు వచ్చినప్పుడు అతని చోటులోకి ఎవరు వెళ్తున్నారో, ఆ మూడు నాలుగు ఆటల్లో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ ఎంతసేపు తీరిగ్గా నిలబడుతున్నాడో రాసుకుని ఇక్కడ పెడతాను. మీరూ రాసి పెట్టండి, అర్ధరాత్రి ప్రేక్షకుడు గారూ. మన లెక్కలు పక్కపక్కన పెట్టి చూద్దాం.