గవర్నమెంట్ హాస్పిటల్ కౌంటర్లో యూపీఐ కట్ అయింది, స్లిప్ రాలేదు, ఎవరిని పట్టుకోవాలి?

అమ్మకి ఎమ్మారై కోసం హైదరాబాద్‌లో ఒక గవర్నమెంట్ హాస్పిటల్‌కెళ్ళాం. బిల్లింగ్ కౌంటర్లో స్వైపింగ్ మెషీన్ మీద వచ్చిన క్యూఆర్ స్కాన్ చేసి 3,500 కట్టాను, మంగళవారం పొద్దున 11:20కి. ఫోన్లో సక్సెస్ అని వచ్చింది, డబ్బులు కట్ అయ్యాయి, మెషీన్ మాత్రం పెండింగ్ పెండింగ్ అంటూ టైమౌట్ అయిపోయింది. స్లిప్ లేనిదే స్కాన్‌కి పంపరు, వెనకాల పెద్ద లైను, చేసేది లేక మళ్ళీ క్యాష్ కట్టా. మా వెనకున్న పెద్దాయనకీ ఇలాగే అయింది, పాపం ఆయన దగ్గర క్యాష్ కూడా లేదు.

యాప్‌లో కంప్లైంట్ పెడితే మర్చంట్‌కి, అంటే హాస్పిటల్‌కి, చేరిపోయిందని క్లోజ్ చేశారు, మా బ్యాంక్ వాళ్ళదీ అదే మాట. హాస్పిటల్ అకౌంట్స్ సెక్షన్‌లో 12 అంకెల యూటీఆర్ నంబర్ (పేమెంట్ రిఫరెన్స్ నంబర్) రాసి లెటర్ ఇస్తే, ఆ రోజు హాస్పిటల్‌కి జమైన పేమెంట్ల సెటిల్‌మెంట్ రిపోర్ట్‌లో ఈ ఎంట్రీయే లేదన్నారు. డబ్బు కట్ అయ్యి మర్చంట్ దగ్గర కన్ఫర్మేషన్ రాకపోతే 5 రోజుల్లో రివర్స్ చేయాలి, లేటైతే రోజుకి 100 ఇవ్వాలి అని ఆర్‌బీఐ 2019లోనే చెప్పింది, అది చూపించినా బ్యాంక్ వాళ్ళు మా దగ్గర సక్సెస్ ఉంది కదా అంటున్నారు.

ఇలా ఇరుక్కుని డబ్బులు వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు చెప్పండి, ముందు ఆ మెషీన్ ఇచ్చిన బ్యాంక్‌కి రాయాలా, లేక 30 రోజులు ఆగి, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కే పెట్టాలా?