ఆరు గంటల లాకౌట్ క్లాసును 38 ముక్కలు చేశాను. అందరూ పాసయ్యారు, పని మాత్రం ఎవరికీ రాలేదు

పాత ట్రైనర్ అడిగారు:

అందరికీ నమస్కారం. ఒక ఫ్యాక్టరీలో ట్రైనింగ్ చూస్తాను. పదకొండేళ్లుగా లాకౌట్ ట్యాగౌట్ క్లాసు చెబుతున్నది నేనే. ఆ పేరు విననివాళ్ల కోసం చెప్తాను: రిపేరుకి మెషీన్‌లో చెయ్యి పెట్టేముందు దానికి వచ్చే కరెంటు, గాలి, ఆయిల్ ప్రెషర్ అన్నీ ఆపేసి, పొరపాటున కూడా ఇంకెవరూ ఆన్ చేయకుండా స్విచ్‌కి మన తాళం మనం వేసుకుని, పేరు రాసిన ట్యాగ్ తగిలించే పద్ధతి. ఏడాదికోసారి ఆరు గంటల క్లాసు. 186 స్లైడ్లు. మధ్యాహ్నం రెండు దాటితే సగం మంది కునుకు తీస్తారు. ఆ సంగతి నాకు తెలియనిదేం కాదు.

ఈ ఏడాది పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇక క్లాసులు లేవు, అంతా ఆన్‌లైన్, ఏ కోర్సూ పది నిమిషాలు దాటకూడదు అని. నేనేం చేశానంటే, నా క్లాసునే కెమెరా ముందు చెప్పి, ఆ రికార్డింగును 38 ముక్కలుగా కోయించాను. ప్రతి ముక్క చివరా ఐదు ప్రశ్నల క్విజ్. పోర్టల్‌లో పెట్టిన మూడు వారాలకే అందరి పేర్ల పక్కనా ఆకుపచ్చ టిక్కులు. తొంభైకి తక్కువ మార్కులు ఎవరికీ లేవు. మేనేజర్ ఖుషీ.

పోయిన నెల ప్యాకింగ్ లైన్ దగ్గర నిలబడి ఉన్నాను. ఒక ఫిట్టర్ వచ్చి బ్రేకర్ ఆపాడు, తాళం వేశాడు, ట్యాగ్ కట్టాడు. అంతా నేను చెప్పినట్టే. ఆ తర్వాత నేరుగా చెయ్యి లోపల పెట్టబోయాడు. సిలిండర్‌లో గాలి అలాగే ఉంది. నేను కేకేస్తే ఆగాడు. నిల్వ ఉన్న శక్తి గురించి నా కోర్సులో నాలుగు ముక్కలున్నాయి, 17 నుంచి 20 దాకా. నాలుగింటిలోనూ అతనికి ఫుల్ మార్కులు! అడిగితే "అన్నీ చూశాను సార్, ఆ టైమ్‌కి గుర్తు రాలేదు" అన్నాడు.

ఇంకా చిన్న ముక్కలు చేయాలా? మనిషి వీడియో ఆరు నిమిషాలకు మించి చూడడని ఎక్కడో చదివాను. బొమ్మల వీడియోలు చేయించమని ఒకరు సలహా ఇస్తున్నారు. రాత్రి పడుకుంటే ఆ చెయ్యే కళ్లముందుకొస్తోంది. ఇలాంటి పని చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

కోర్సుల కుమ్మరి:

ట్రైనర్ గారూ, ముక్క ఎంత ఉందన్నది తర్వాత చూద్దాం. ముందు ఎక్కడ కోశారో చూసుకోండి. మీరు గడియారం చూసి కోశారు. నేనూ మొదటిసారి అదే పని చేశాను కాబట్టే ఇంత చనువుగా అంటున్నాను. నా మొదటి ముక్క పేరు "భద్రత: ఒక పరిచయం". కంపెనీ పాలసీ, రూల్ నంబర్లు, పెద్దాయన సందేశం. నాలుగు నిమిషాలే, మ్యూజిక్ కూడా పెట్టాను. అది చూశాక మెషీన్ దగ్గర ఎవరైనా ఒక్క పనైనా వేరుగా చేస్తారా అని మా సూపర్‌వైజర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రెండోసారి స్లైడ్ల జోలికే పోలేదు. నియర్ మిస్ రిజిస్టర్ (వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదాలు రాసే పుస్తకం) తెప్పించుకుని రెండేళ్ల ఎంట్రీలు కూర్చుని చదివాను. మూడు షిఫ్టులూ ఫిట్టర్ల పక్కన నిలబడ్డాను. ప్రతి ఎంట్రీ దగ్గరా రాసుకున్నవి రెండే: ఆ క్షణంలో అతను చేయాల్సిందేమిటి, చేయకపోవడానికి కారణం తెలియకపోవడమా, ఇంకేదైనానా? చూస్తే సగానికి పైగా "ఇంకేదైనా"లే. తాళాల పెట్టె స్టోర్ రూములో ఉండేది, రాత్రి షిఫ్టులో స్టోర్ రూముకే తాళం. దానికి కోర్సు చేసి ఏం లాభం? పెట్టెను లైన్ పక్కకి మార్పించాం. ఈ పద్ధతికి క్యాతీ మూర్ అనే ఆవిడ యాక్షన్ మ్యాపింగ్ అని పేరు పెట్టారు. నాకు ఆ పేరు తర్వాతెప్పుడో తెలిసింది.

నిజంగా తెలియక జరుగుతున్నవి ఏడు మిగిలాయి. అవే ఏడు కోర్సులయ్యాయి. "షిఫ్ట్ మారింది, తాళం ఇంటికెళ్లినవాడిది", "ఒకే మెషీన్ మీద ముగ్గురు, ఎన్ని తాళాలు?" ఇలా ఉంటాయి వాటి పేర్లు. ఒక్కో కోర్సులో ఒక్కటే నిర్ణయం.

ఇప్పుడు మీ ఫిట్టర్ సంగతి. మీ 17 నుంచి 20లో ఏముంటుందో చూడకుండానే చెప్పగలను. స్ప్రింగు, కెపాసిటర్, గాలి, ఆయిల్, పైకెత్తిన బరువు... నిల్వ శక్తి రకాలు. ఆ లిస్టు అతనికి కంఠతా వచ్చు. తాళం క్లిక్‌మన్నాక చెయ్యి ఎటు వెళ్లాలన్నదే రాదు. కాబట్టి మీ ముక్క ఆ క్లిక్ దగ్గరే మొదలవ్వాలి. తాళం పడింది, ట్యాగ్ వేలాడుతోంది, ఇప్పుడేం చేస్తావు? మూడు దారులివ్వండి. తప్పు దారి నొక్కితే ఎర్రగా "తప్పు" అని చూపించకండి, సిలిండర్ దఢేలున కదలడం చూపించండి (లోపల చేతికి బదులు ఒక అట్టముక్క చాలు, రక్తం అక్కర్లేదు). సరైన దారిలో వాల్వ్ తిప్పి గాలి వదలాలి, గేజ్ చూడాలి, స్టార్ట్ బటన్ నొక్కి కదలట్లేదని చూసుకోవాలి, మళ్లీ స్విచ్‌ని ఆఫ్‌కి తేవాలి. ఆ ఆఖరి మెట్టు మా దగ్గర సీనియర్లే మర్చిపోయేవాళ్లు. సరదాగా లెక్కపెట్టండి, మీ 186 స్లైడ్లలో అది ఎన్నిసార్లు వచ్చిందో.

క్విజ్ గురించి ఒక మాట. నిమిషం కిందట విన్నది అడిగితే ఎవరైనా చెబుతారు. 2006లో రోడిగర్, కార్పికె అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని కొందరితో మళ్లీ చదివించారు, కొందరితో చూడకుండా గుర్తు చేసుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత పెడితే తలకిందులైంది, గుర్తు చేసుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. అందుకని కోర్సు చివర ఒక్క ప్రశ్నే ఉంచాను. మిగతావి మూడో రోజు ఒకటి, రెండు వారాలకి ఒకటి, వాళ్ల ఫోన్లకే వెళ్తాయి. మార్కులు తగ్గాయి, మా మేనేజర్ కంగారుపడ్డారు. ఉన్నదున్నట్టు కనిపించడం అప్పుడే మొదలైందని నచ్చజెప్పడానికి రెండు మీటింగులు పట్టింది.

అన్నట్టు, అన్నీ ఆన్‌లైన్‌కి రావు. నా ఏడు కోర్సులూ కలిపితే అరగంట లోపే. దానికి తోడు మెషీన్ దగ్గర నలభై నిమిషాలు, ఫిట్టర్ చేసి చూపిస్తే సూపర్‌వైజర్ చెక్‌లిస్టు మీద సంతకం పెడతాడు. ఆ సంతకం పడ్డాకే పోర్టల్‌లో టిక్. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం తగ్గకండి.

రెండో షిఫ్ట్ ఫిట్టర్:

నేను ట్రైనర్‌ని కాను, ఇలాంటి కోర్సులు చూసేవాణ్ణి. కోపం తెచ్చుకోనంటే చెప్తాను సార్. షిఫ్ట్ అయ్యాక ప్లే నొక్కి ఫోను జేబులో వేసుకుంటాం. జవాబులు వాట్సాప్‌లో తిరుగుతాయి. అవి రాకపోయినా పెద్ద కష్టం లేదు, ఆప్షన్లలో పొడుగ్గా ఉన్నదే కరెక్టు, "పైవన్నీ" ఉంటే కళ్లు మూసుకుని అదే. మీ 38లో ఎన్ని "పైవన్నీ"లు ఉన్నాయో చూసుకోండి.

ఇంకోటి, మెషీన్ల దగ్గర వీడియో సౌండు వినపడదు. చెవుల మఫ్‌లు తీయకూడదని రూలు మీరే పెట్టారు. మాటలు కింద అక్షరాల్లో వేస్తే చదువుతాం. గ్లౌజులతో ఆ చిన్న చిన్న బటన్లు నొక్కలేం. అన్నిటికంటే ముఖ్యం, ఆ టైము డ్యూటీలో ఇవ్వాలి. ఇంటికెళ్లేటప్పుడు చూడమంటే జేబులోనే చూస్తాం.

మాకు పనికొచ్చింది ఒక్కటే ఉంది. ప్రతి మెషీన్ మీదా క్యూఆర్ కోడ్ అంటించారు. స్కాన్ చేస్తే ఆ మెషీన్‌కి కరెంటు ఎక్కడ ఆపాలి, గాలి ఎక్కడ ఆపాలి, ఫోటోలతో నలభై సెకన్లు. దాన్ని చూడమని ఎవరూ చెప్పలేదు, మార్కులూ లేవు. రోజూ చూస్తాం.

జిప్ ఫైల్:

ఆ ఆరు నిమిషాల లెక్క ఎక్కడిదో చెప్తాను. 2014లో ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ అనేవాళ్లు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల సైట్‌లో నాలుగు కోర్సులు తీసుకుని 69 లక్షల సార్లు వీడియో చూసిన రికార్డులు పరిశీలించారు. వీడియో ఎంత పొడుగున్నా, కనీసం సగం సార్లు చూసింది ఆరు నిమిషాల లోపే. అయితే ఎంతసేపు చూశారన్నదే ఆ లెక్క, ఎంత నేర్చుకున్నారన్నది కాదు. అదే పేపర్లో మీకు పనికొచ్చే మాట ఇంకోటుంది. క్లాసురూములో చెప్పిన పాఠాన్ని ఎంత బాగా రికార్డు చేసినా, తర్వాత ముక్కలుగా కోసి పెడితే, ఆన్‌లైన్ కోసమే తయారుచేసిన వీడియోలంత ఆసక్తిగా చూడరట.

ఫిట్టర్ గారు అడిగిన అక్షరాలు ఇవ్వండి, కానీ ఆన్, ఆఫ్ చేసుకునేలా ఉండాలి. బొమ్మ కదులుతూ, మాట వినిపిస్తూ, అవే మాటలు తెర మీద కూడా పడుతుంటే నేర్చుకోవడం తగ్గుతుందని రిచర్డ్ మేయర్ అనే సైకాలజిస్టు ప్రయోగాలు చెబుతున్నాయి. మాట వినపడని చోట ఆ బాధ లేదు, అక్షరాలే దిక్కు.

ఇక నా పని పోర్టల్‌లోకి ఎక్కించడం, అక్కడ తగిలే దెబ్బలు చెప్తాను. కోర్సూ పోర్టలూ మాట్లాడుకునే ఫార్మాట్‌ని స్కార్మ్ అంటారు, మీది చాలావరకు స్కార్మ్ 1.2 అయి ఉంటుంది. 2001 నాటిదైనా ఇంకా వాడేస్తున్నారు. అందులో "పూర్తయింది", "పాసయ్యాడు" రెండూ ఒకే గడిలో పడతాయి, ఒకదాని మీద ఇంకోటి రాసేస్తుంది. స్కార్మ్ 2004లో రెండు వేర్వేరు గడులు. ఎక్కడిదాకా చూశాడో గుర్తుంచుకునే చోటు 1.2లో 4096 అక్షరాలే. దారులు ఎక్కువున్న పెద్ద కోర్సులో అది నిండిపోయి, మనిషి మళ్లీ మొదటికొస్తాడు. ఒక్కో నిర్ణయానికి ఒక్కో చిన్న కోర్సు చేస్తే ఈ తలనొప్పే రాదు. ఫోన్‌లో చూసేవాళ్లు బ్రౌజర్ అలాగే మూసేస్తారు కాబట్టి, చివర్లో ఒకేసారి కాకుండా ప్రతి జవాబుకీ సేవ్ అయ్యేలా పెట్టించండి. జిప్ చేసేటప్పుడు ఫోల్డర్‌ని కాదు, లోపలి ఫైళ్లను జిప్ చేయాలి. మేనిఫెస్ట్ ఫైలు (కోర్సులో ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా) పైనే కనపడకపోతే పోర్టల్ తీసుకోదు. ఇది తెలియక నేను ఒక శనివారమంతా పోగొట్టుకున్నాను.

పాత ట్రైనర్:

అందరికీ థాంక్స్. ఫిట్టర్ గారూ, లెక్కపెట్టాను. 190 ప్రశ్నల్లో 61 "పైవన్నీ". సిగ్గేసింది. కుమ్మరి గారూ, స్విచ్‌ని మళ్లీ ఆఫ్‌కి తేవడం 143వ స్లైడ్‌లో ఒక్కసారి, అదీ బ్రాకెట్లో ఉంది.

ఒక్క అనుమానం. ఆడిట్‌కి వచ్చేవాళ్లు ఎన్ని గంటల ట్రైనింగ్ అని అడుగుతారు. అరగంట అంటే ఊరుకుంటారా?

కోర్సుల కుమ్మరి:

మా దగ్గర కూడా అడిగారు. చెక్‌లిస్టులు ముందు పెట్టాం, ఏ ఫిట్టర్, ఏ మెషీన్, ఏ తేదీ, ఎవరి సంతకం. తర్వాత గంటల మాట ఎత్తలేదు. మీ దగ్గర ఏదైనా రూల్లో గంటలు రాసి ఉంటే మాత్రం ఆ రూల్ ప్రకారమే వెళ్లండి, దాంతో వాదన పెట్టుకోవద్దు.

పాత ట్రైనర్:

నెల తర్వాత వస్తున్నాను. మొదటి ముక్క తయారైంది. "తాళం పడింది, గాలి?" అని పేరు పెట్టాను. 3 నిమిషాల 40 సెకన్లు. రాత్రి షిఫ్టులో, లైన్ ఆగి ఉన్నప్పుడు, ఫోన్‌తోనే తీశాం. నేను కేకేసి ఆపిన ఫిట్టరే అందులో నటించాడు, అట్టముక్క కూడా అతనే పట్టుకొచ్చాడు. పోర్టల్‌లో పెట్టిన మర్నాడే రెండో లైన్ అబ్బాయి వచ్చి "సార్, మా మెషీన్‌కి ఆ వాల్వ్ ఎడమ పక్కనుంది, మీ వీడియోలో కుడి పక్క చూపిస్తున్నారు" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే, పదకొండేళ్లుగా నేను గమనించలేదు. ఈ రాత్రి మళ్లీ తీస్తున్నాం.